పిడుగు రాడ్డు మీదే పడింది, మెషీన్లు మాత్రం కాలాయి: ఒక పాల చిల్లింగ్ సెంటర్ కేసు

మదనపల్లె, పుంగనూరు వైపు పాల చిల్లింగ్ సెంటర్లు ఎక్కువ. ఊరి బయట కాస్త మెరక చూసి, ట్యాంకర్ తిరిగేంత జాగా ఉన్నచోట కడతారు. అలాంటి ఒక సెంటర్ మీద మే నెలలో ఒక సాయంత్రం పిడుగు పడింది. డాబా మీద పిడుగు రాడ్డు ఉంది. పిడుగు దాని మీదే పడింది. రాడ్డు నుంచి నేలలోకి దిగే రాగి పట్టీకి బిగించిన, పిడుగులు లెక్కపెట్టే కౌంటర్ సున్నా నుంచి ఒకటికి మారింది కాబట్టి అందులో అనుమానం లేదు. గోడలు బీటలివ్వలేదు, రేకులకు చిల్లు పడలేదు. కానీ లోపల పాలలో వెన్న శాతం చూసే ఎనలైజర్, తూకం మెషీన్, కంప్యూటర్, ఒక కంప్రెసర్ ప్యానెల్‌లోని పీఎల్‌సీ కార్డు (మెషీన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు), సోలార్ ఇన్వర్టర్, సీసీ కెమెరాల రికార్డర్ ఒక్క దెబ్బకు పోయాయి. క్యాన్లు కడిగే చోట కుళాయి తిప్పుతున్న కుర్రాడు షాక్ కొట్టి వెనక్కి పడ్డాడు. మోచేతి దాకా మొద్దుబారింది. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచుకుని మర్నాడు పంపించారు.

"రాడ్డు పెట్టించి రెండేళ్లు కూడా కాలేదు సార్. మరి ఇవన్నీ ఎట్ల కాలినాయి?" అని మేనేజర్ అడిగాడు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి నేను వెతికిన సమాధానం, తర్వాత చేసిన మార్పులు ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. మన జిల్లాల్లో చిన్న ఆసుపత్రులు, స్కూళ్లు, రైస్ మిల్లులు, పెట్రోల్ బంకులు చాలావరకు ఇదే పద్ధతిలో ఉన్నాయి. రాడ్డు ఒకరు పెడతారు, బోర్డు ఇంకొకరు కడతారు, సోలార్ వాళ్లు తమ ఎర్త్ గొయ్యి (పిట్) తాము తవ్వుకుంటారు, కంప్యూటర్ వాళ్లు తమకు వేరే ఎర్త్ కావాలంటారు. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తారు. అన్నింటినీ కలిపి చూసేవాడే ఉండడు.

కరెంటు లైన్‌లో రాలేదు

నేను వెళ్లేసరికి అందరూ ఒకే మాట మీద ఉన్నారు: పిడుగు కరెంటు లైన్‌లో వచ్చి అన్నింటినీ కాల్చేసిందని. దానికి ఆధారం కూడా కనిపిస్తోంది. రోడ్డవతల ఉన్న 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ మీద మూడు లైట్నింగ్ అరెస్టర్లలో (లైన్‌లో వచ్చే పిడుగును నేలలోకి దించేవి) ఒకదాని ఎర్త్ తీగ తెగి వేలాడుతోంది. అది ఎప్పటి నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. అది నిజంగా లోపమే, సరిచేయాల్సిందే. కానీ ఆ సాయంత్రం నష్టానికి కారణం అది కాదని మెయిన్ బోర్డు దగ్గరే తేలిపోయింది.

గాలి మొదలవగానే కరెంటు పోయిందట. ఆపరేటర్ జనరేటర్ వేసి, చేంజోవర్ స్విచ్‌ను జనరేటర్ వైపు తిప్పాడు. ఆ తర్వాత పావుగంటకు పిడుగు పడింది. అక్కడున్నది ఫోర్ పోల్ చేంజోవర్. అంటే మూడు ఫేజులే కాకుండా న్యూట్రల్ కూడా బయటి లైన్ నుంచి విడిపోయి ఉంది. బయటి నాలుగు తీగలకూ లోపలి సామానుకూ ఆ నిమిషంలో సంబంధమే లేదు. స్విచ్ కాంటాక్టుల మీద ఆర్క్ మచ్చ కూడా లేదు. మరి దెబ్బ ఎటు నుంచి వచ్చినట్టు?

ఇలాంటప్పుడు కాలినవాటి కంటే కాలనివాటిని ముందు చూడటం నా అలవాటు. అదే షెడ్డులో రెండో కంప్రెసర్ ఉంది. కాలిన ప్యానెల్‌కు రెండు మీటర్ల దూరం కూడా లేదు. దానికి చిన్న గీత కూడా పడలేదు. ఆ రాత్రి పాలు విరిగిపోకుండా కాపాడింది అదే. ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్లు, క్యాన్లు కడిగే మోటారు అన్నీ బాగున్నాయి. సాకెట్‌లో ఛార్జింగ్‌లో ఉన్న రెండు సెల్‌ఫోన్లు కూడా బాగున్నాయి. సెల్‌ఫోన్ కంటే తూకం మెషీన్ సున్నితమైనదేమీ కాదు.

ఒక కాగితం తీసుకుని కాలిన ప్రతి వస్తువుకూ ఎన్ని వైపుల నుంచి తీగలు వస్తున్నాయో గీసుకుంటూ పోయాను. ఎనలైజర్‌కు పవర్ ప్యానెల్ నుంచి వస్తోంది, డేటా కేబుల్ కంప్యూటర్‌కు పోతోంది. కంప్యూటర్ యూపీఎస్‌కు విడిగా కంప్యూటర్ ఎర్త్ ఉంది. తూకం మెషీన్ ప్లాట్‌ఫాం షెడ్డు ఇనుప ఫ్రేమును ఆనుకుని ఉంది, దాని డిస్‌ప్లే మాత్రం యూపీఎస్ మీద ఉంది. సోలార్ ఇన్వర్టర్‌కు ఒకవైపు డాబా మీది ప్యానెళ్లు, వాటికి సోలార్ వాళ్ల సొంత ఎర్త్ పిట్; రెండో వైపు మెయిన్ బోర్డు. మొదటి కంప్రెసర్ ప్యానెల్‌లోని పీఎల్‌సీకి బల్క్ కూలర్ ఉష్ణోగ్రత పంపే కేబుల్ కంప్యూటర్ నుంచే వచ్చింది. రెండో కంప్రెసర్ పాతది, దానికి అలాంటి కేబుల్ లేదు. కెమెరా రికార్డర్ సంగతీ అంతే, బయటి స్తంభం మీది కెమెరా నుంచి ఒక తీగ, లోపలి సాకెట్ నుంచి ఒక తీగ.

కాగితం నిండేసరికి విషయం తెలిసిపోయింది. కాలినవన్నీ రెండు ఎర్త్‌ల మధ్య ఇరుక్కున్నవే. ఒకే ఎర్త్ మీద ఉన్నది ఒక్కటీ కాలలేదు.

నాలుగు గోతులు, నాలుగు లెక్కలు

ఆ ఆవరణలో ఎర్త్ పిట్లు నాలుగు రకాలు. మెయిన్ బోర్డుకు రెండు గోతులు కలిపి ఒకటి, కంప్యూటర్‌కు ఒకటి, సోలార్‌కు ఒకటి, పిడుగు రాడ్డుకు ఒకటి. రాడ్డు పిట్‌ను కావాలనే మిగతావాటికి దూరంగా, భవనానికి 12 మీటర్ల అవతల తవ్వారు. ఏ రెండింటికీ కలయిక లేదు. రాడ్డు పిట్ సిమెంటు మూత మీద పసుపు పెయింటుతో 0.8 ఓం అని రాసి ఉంది. నా టెస్టర్‌లో అది 38 ఓంలు చూపించింది. మెయిన్ బోర్డు ఎర్త్ 19, కంప్యూటర్‌ది 42, సోలార్‌ది 45.

ఆ నేలలో ఒక్క పైపు పాతి 0.8 రాబట్టడం సాధ్యమయ్యే పని కాదు. నాలుగు పిన్నులు రెండేసి మీటర్ల దూరంలో వరసగా గుచ్చి కొలిస్తే మీటర్ 16 ఓంలు చూపింది. దాన్ని 2π తోనూ పిన్నుల మధ్య దూరంతోనూ గుణిస్తే నేల రెసిస్టివిటీ, అంటే మట్టి కరెంటును అడ్డుకునే గుణం, సుమారు 200 ఓం-మీటర్లు. పైన ఎర్ర గరప, కింద రాయి. ఇలాంటి నేలలో రెండున్నర మీటర్ల పైపు ఒంటరిగా 60 ఓంల పైనే ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోస్తే కొంత తగ్గుతుంది. గుంటూరు వైపు నల్లరేగడిలో వచ్చే అంకెలు ఇక్కడ ఆశించకూడదు. పిట్ మూత మీది పెయింటును నమ్మకండి. ఎదురుగా నిలబడి కొలిపించుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పిడుగు గురించి మాట్లాడినప్పుడల్లా కోట్ల వోల్టులు అంటారు. మేఘానికీ నేలకూ మధ్య అది నిజమే. కానీ రాడ్డును తాకిన క్షణం నుంచి మనం లెక్క పెట్టాల్సింది కరెంటును. మన ఇంటి సాకెట్ 230 వోల్టులు ఇస్తుంది, ఎంత కరెంటు పోవాలో మనం తగిలించిన వస్తువు తేలుస్తుంది. పిడుగు దీనికి పూర్తిగా రివర్స్. అది ఇంత కరెంటు అని తెచ్చుకుంటుంది, దారిలో ఎంత ఆటంకం ఉంటే అంత వోల్టేజ్ పుడుతుంది. మామూలు పిడుగు మొదటి దెబ్బలో సుమారు 30 కిలో యాంపియర్లు ఉంటుంది. పిడుగు రక్షణకు మన దేశం పాటించే ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణం అత్యంత గట్టి రక్షణకు 200 కిలో యాంపియర్లు లెక్కలోకి తీసుకుంటుంది. 30 కిలో యాంపియర్లను 38 ఓంలతో గుణించండి. 11 లక్షల వోల్టులు దాటుతుంది. నిజానికి అంత ఒత్తిడికి పైపు చుట్టూ ఉన్న మట్టే తెగి నిప్పురవ్వలు పాకుతాయి, కాబట్టి నిరోధం పడిపోతుంది, వోల్టేజ్ అంత పైకి వెళ్లదు. వెళ్లకపోయినా లక్షల్లోనే ఉంటుంది. ఆ కొన్ని మైక్రోసెకన్లు రాడ్డు, రాగి పట్టీ, ఆ పిట్ చుట్టుపక్కల నేల లక్షల వోల్టుల మీద ఉంటాయి. మిగతా మూడు పిట్లు వాటి వాటి స్థాయిలో కిందే ఉంటాయి. వాటికి కట్టిన మెషీన్లూ అంతే.

11 కేవీ తీగ మీద కాకి హాయిగా కూర్చుంటుంది. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి కాబట్టి దానికేమీ కాదు. రెక్క ఇంకో తీగకో ఇనుప క్రాస్ ఆర్మ్‌కో తగిలితే అక్కడే రాలిపోతుంది. హై వోల్టేజ్‌లో ప్రాణం తీసేది తేడా. వోల్టేజ్ ఎంత ఎత్తున ఉన్నా, తాకే రెండు చోట్లూ అదే ఎత్తున ఉంటే కరెంటు పారదు. ఈ సెంటర్‌లో ప్రతి మెషీనూ ఒక కాలు ఒక ఎర్త్ మీద, ఇంకో కాలు ఇంకో ఎర్త్ మీద పెట్టి నిలబడింది.

పిడుగు ఎర్త్ వేరుగా ఉంచాలనే మాట చాలామంది ఎలక్ట్రీషియన్ల మనసులో గట్టిగా ఉంది. కలిపితే పిడుగు కరెంటు మెషీన్‌లోకి వచ్చేస్తుందని భయం. ఆ భయం వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కలపనప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య లక్షల వోల్టులు నిలబడతాయి, అవి కలుసుకోవడానికి దొరికిన దారి మెషీన్‌లోని సన్నటి సర్క్యూటే. మందపాటి పట్టీతో మనమే కలిపితే కరెంటు పట్టీలో పోతుంది, మెషీన్ మొత్తం ఆ ఎత్తుకు లేచి మళ్లీ దిగుతుంది. 62305 కూడా పిడుగు, పవర్, టెలిఫోన్ అన్నింటికీ కలిపి ఒకే ఎర్తింగ్ ఉండటమే మంచిదని చెబుతుంది.

గోడలో చిన్న మచ్చ

రాగి పట్టీని పైనుంచి కింద దాకా చేత్తో తడుముతూ చూశాను. ఎక్కడా కరగలేదు, రంగు కూడా మారలేదు. ఆశ్చర్యపడాల్సిన పని లేదు. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 100 కిలో యాంపియర్ల పిడుగు పోయినా దాని వేడి పెరిగేది 5 డిగ్రీలే. అక్కడ పెట్టింది 25 బై 3 పట్టీ, అంటే 75 చదరపు మిల్లీమీటర్లు. పిడుగు మార్గం 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుందన్నది గాలి గురించిన మాట. రాగిలో ఆ సమస్య ఉండదు, ఎందుకంటే ఆ కరెంటు ఉండేది సెకనులో అతి చిన్న భాగం.

పట్టీ మీద కనిపించనిది గోడ మీద కనిపించింది. ఆఫీసు గదిలో, కేబుల్ ట్రే వెనక, నేల నుంచి మూడు మీటర్ల ఎత్తున సున్నం బొటనవేలి గోరంత ఊడి, మధ్యలో సూది గుచ్చినంత నల్లటి రంధ్రం. దానికి సరిగ్గా ఎదురుగా, గోడకు బయటివైపు, రాగి పట్టీ కిందికి దిగుతోంది. మధ్యలో 9 అంగుళాల ఇటుక గోడ. ఆ రంధ్రం ఎదుట ఉన్న కేబుల్ తొడుగు మీద కూడా మసి చుక్క ఉంది. ఆ కేబుల్ పట్టుకుని వెళితే ఎనలైజర్‌కు చేరింది. దాని సర్క్యూట్ బోర్డు తెరిస్తే డేటా పోర్టు పక్కనున్న నల్ల చిప్పు పైకప్పు పగిలి ఎగిరిపోయింది, అక్కడి నుంచి పవర్ సప్లై ఎర్త్ దాకా బోర్డు మీది రాగి గీతలు ఆవిరైపోయి పచ్చటి బోర్డు మీద గోధుమరంగు చారలు మిగిలాయి. పిడుగు ఆ గదిలోకి వచ్చి, ఆ కేబుల్ ఎక్కి, ఆ చిప్పు మీదుగా రెండో ఎర్త్‌కు దిగిందని ఆ చారలే చెబుతున్నాయి.

పట్టీకి రెసిస్టెన్స్ చాలా తక్కువ కదా, మరి గోడ దూకేంత వోల్టేజ్ ఎలా వచ్చింది? కరెంటు పెరిగే వేగం వల్ల. నిటారు తీగకు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును అడ్డుకునే గుణం, ఉంటుంది. ఆ మచ్చ దగ్గర నుంచి పిట్ దాకా పట్టీ 15 మీటర్లు. కరెంటు మైక్రోసెకనుకు 10 కిలో యాంపియర్ల చొప్పున పెరిగిందని తక్కువగానే అనుకున్నా, ఆ 15 మీటర్ల మీద లక్షన్నర వోల్టులు నిలబడతాయి. అదే మెరుపులో వెంటవెంటనే వచ్చే తర్వాతి దెబ్బల్లో ఈ వేగం దానికి నాలుగింతలు ఉండటం మామూలే. దీని మీద పిట్ లేచిన వోల్టేజ్ అదనం. పొడి గాలి నున్నటి పలకల మధ్య సెంటీమీటరుకు 30 కిలోవోల్టుల వరకు ఓర్చుకుంటుంది. అంచులు, మేకులు, తడి గోడ ఉన్నచోట చాలా ముందే తెగిపోతుంది.

ప్రమాణంలో దీనికి ఒక సూత్రం ఉంది. డౌన్ కండక్టర్‌కూ (రాడ్డు నుంచి నేలకు దిగే పట్టీ) లోపలి లోహానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో అది చెబుతుంది. మూడో తరగతి రక్షణకు (అత్యంత గట్టిది ఒకటో తరగతి) గుణకం 0.04, డౌన్ కండక్టర్ ఒక్కటే కాబట్టి 1, మధ్యలో ఉన్నది ఇటుక కాబట్టి 0.5తో భాగించాలి, పొడవు 15 మీటర్లు. మొత్తం 1.2 మీటర్లు. అక్కడున్నది పాతిక సెంటీమీటర్లు కూడా లేదు. పైగా ఆ సూత్రం, నేలలో ఎర్త్‌లన్నీ కలిపి ఉన్నాయని అనుకుని రాసింది. కలపనప్పుడు 1.2 కూడా చాలదు.

కుర్రాడికి కొట్టిన షాకు కూడా ఇందులో భాగమే. కుళాయికి నీళ్లు 60 మీటర్ల అవతలి బోరు నుంచి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపులో వస్తాయి. బోరు కేసింగ్ లోతుగా నీళ్లలో ఉంటుంది, ఆ ఆవరణ మొత్తంలో దానికి మించిన ఎర్త్ లేదు. అతను నిలబడ్డ తడి నేల పిడుగు పిట్ పక్కనే ఉంది, ఆ క్షణంలో పైకి లేచింది. చేతిలో ఉన్న కుళాయి బోరు వోల్టేజ్ దగ్గరే ఉండిపోయింది. పాదాలకూ చేతికీ మధ్య వచ్చిన తేడా అతని ఒంట్లో పారింది. ఇంకొంచెం పిట్ దగ్గరగా ఉంటే ఈ కేసు వేరేగా రాయాల్సి వచ్చేది.

ఏం మార్చాం

మొదటి పని ఎర్త్‌లన్నీ ఒకటి చేయడం. భవనం 18 బై 10 మీటర్లు. చుట్టూ గోడకు ఒక మీటరు దూరంగా, అర మీటరు లోతుకు తగ్గకుండా కాలువ తీసి 50 బై 6 జీఐ పట్టీతో రింగు వేశాం. నాలుగు పాత పిట్లనూ, షెడ్డు ఇనుప స్తంభాలనూ, కుళాయి పైపు లోపలికి వచ్చే చోటునూ, జనరేటర్ బాడీనీ దానికి కలిపాం. మెయిన్ బోర్డు గదిలో ఒక ఎర్త్ బార్ పెట్టి, లోపలి ప్రతి ఎర్త్ తీగనూ అక్కడికే తెచ్చాం. కంప్యూటర్ ఎర్త్ అన్న పేరు కాగితాల మీద కూడా లేకుండా తీసేయించాను. రింగు పూర్తయ్యాక మొత్తం నిరోధం 5 ఓంలకు కాస్త పైన వచ్చింది. పది లోపు ఉంటే మంచిదని ప్రమాణం చెబుతుంది. కానీ నేను ఎక్కువ పట్టుబట్టింది ఇంకో అంకె మీద: ఆవరణలో ఏ రెండు లోహాల మధ్య కొలిచినా 0.2 ఓం దాటకూడదని. 5 ఓంల మీద 30 కిలో యాంపియర్లు అంటే ఇప్పటికీ లక్షన్నర వోల్టులే. తేడా ఏమిటంటే ఇప్పుడు భవనం, నేల, మెషీన్లు అన్నీ కలిసి లేస్తాయి.

రాగి ఎందుకు వేయలేదని యజమాని అడిగారు. రాగి మంచిదే, కానీ ఊరి బయట రాత్రిపూట ఎవరూ లేని చోట రాగి పట్టీ ఎక్కువ కాలం ఉండదు. మట్టిలో రాగీ జింకూ నేరుగా కలిస్తే జింకు తుప్పుపట్టి పోతుంది కూడా. అందుకే నేలలో అంతా జీఐ, పైన మిగిలిన రాగితో కలిసే చోట్ల బైమెటల్ క్లాంపులు (రెండు లోహాలకూ సరిపడేవి) నేల పైనే పెట్టాం.

డౌన్ కండక్టర్ ఒకటి ఉన్నచోట నాలుగు చేశాం, నాలుగు మూలలా. భవనం చుట్టుకొలత 56 మీటర్లు, మూడో తరగతికి 15 మీటర్లకొకటి కావాలి, కాబట్టి నాలుగు సరిపోతాయి. కరెంటు నాలుగుగా చీలితే ప్రతి దాని పక్కనా పుట్టే వోల్టేజ్ ఆ మేరకు తగ్గుతుంది. పాత పట్టీ పిట్టగోడ దగ్గర లంబంగా మడిచి ఉండేది. కొత్తవన్నీ నెమ్మదిగా వంచి దించాం. ఆఫీసు గదిలో కేబుల్ ట్రేను ఎదుటి గోడకు మార్చాం.

రాడ్డు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వాళ్లు పెట్టించింది ఎర్లీ స్ట్రీమర్ రకం, అంటే మామూలు రాడ్డు కంటే ముందే పిడుగుకు ఎదురు వెళ్లి అందుకుంటుందని చెప్పి అమ్మేది. కాగితంలో వంద మీటర్ల చుట్టూ రక్షణ అని రాసి ఉంది. ఫ్రాన్స్ ప్రమాణం ఎన్ఎఫ్ సీ 17-102 ఆ రకాన్ని ఒప్పుకుంటుంది. 62305 మాత్రం రాడ్డు ఏ రకమైనా దాని ఎత్తు, స్థానం తప్ప ఇంకేదీ లెక్కలోకి తీసుకోనివ్వదు. నా పని కూడా అదే పద్ధతి. మూడో తరగతికి 45 మీటర్ల వ్యాసార్ధమున్న గోళాన్ని భవనం మీద దొర్లించినట్టు ఊహించాలి. గోళం తాకిన చోటల్లా పిడుగు పడవచ్చు. నాలుగు మూలల రాడ్లలో ఎదురెదురు మూలల మధ్య దూరం సుమారు 20.6 మీటర్లు, వాటి మధ్య గోళం 1.2 మీటర్లు కిందికి దిగుతుంది. అందుకని మూలల్లో మీటరున్నర మామూలు జీఐ రాడ్లు పెట్టి పిట్టగోడ మీద పట్టీతో కలిపాం. పాత రాడ్డును తీసేయలేదు, అది ఆరు మీటర్ల స్తంభం మీద ఉంది కాబట్టి నీళ్ల ట్యాంకును కాపాడుతుంది. మామూలు రాడ్డుగా దాన్ని లెక్కేసుకున్నాం.

రాడ్డే పిడుగును పిలిచిందా అని యజమాని ఇంట్లో పెద్దావిడ నన్ను నేరుగా అడిగారు. ఆ అనుమానంలో కొంత నిజం ఉందమ్మా అని చెప్పాను. ఎత్తైన వస్తువు తన ఎత్తుకు సుమారు మూడింతల దూరంలో పడాల్సినవి తన మీదికి తీసుకుంటుందని లెక్క. పదిన్నర మీటర్ల కొస ఉంటే ముప్పై మీటర్ల చుట్టూ పడేది దాని మీద పడుతుంది. మేఘాన్ని లాక్కురాదు, పడబోయే దానికి చోటు చూపిస్తుంది. ఆ చోటు నుంచి నేల దాకా దారి సరిగా వేయకపోతే రాడ్డు లేకపోవడమే నయమన్న మాట కూడా ఆమెతో ఒప్పుకున్నాను.

తర్వాత ఎస్‌పీడీలు (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్‌లు). ఫేజు తీగల్ని నేరుగా ఎర్త్‌కు కట్టలేం, కాబట్టి వోల్టేజ్ ఎగిరినప్పుడు మాత్రమే కలిపి మళ్లీ వదిలేసే పరికరం కావాలి. మూడో తరగతికి పిడుగు 100 కిలో యాంపియర్లు అనుకుంటే సగం నేలలోకి, సగం బయటికి పోయే తీగల్లోకి వెళుతుందని లెక్క. ఆ 50 నాలుగు తీగలకు పంచితే ఒక్కోదానికి 12.5. అందుకే మెయిన్ బోర్డులో, చేంజోవర్ దాటాక, ఒక్కో పోలుకు 12.5 కిలో యాంపియర్ల టైప్ 1 ఎస్‌పీడీ (పిడుగు కరెంటును నేరుగా మోసే రకం) పెట్టాం. చేంజోవర్ ముందు పెట్టి ఉంటే జనరేటర్ నడిచేటప్పుడు ఎందుకూ పనికిరాదు, ఈ కేసే దానికి సాక్ష్యం. ప్యానెల్‌లోనూ యూపీఎస్ దగ్గరా దాన్ని దాటి వచ్చే మిగులును ఆపే టైప్ 2, సోలార్ డీసీ వైపు వేరేది, డేటా కేబుళ్లకు చిన్నవి. బిగించేటప్పుడు చాలామంది నిర్లక్ష్యం చేసేది తీగ పొడవు. ఎస్‌పీడీకి వచ్చే తీగ, దాని నుంచి ఎర్త్ బార్‌కు పోయే తీగ కలిపి అర మీటరు మించకూడదు. అందంగా కనబడాలని బోర్డు చుట్టూ తిప్పి కడితే, పైన చెప్పిన మీటరుకు ఒక మైక్రోహెన్రీ లెక్క ఇక్కడా వర్తిస్తుంది, ఎంత మంచి ఎస్‌పీడీ అయినా ఆ తీగ మీది వోల్టేజ్ మెషీన్‌కే పోతుంది. అందుకని ఎర్త్ బార్‌నే ఎస్‌పీడీ కిందికి జరిపించాను. వీటన్నింటికీ అయిన ఖర్చు కాలిపోయిన సామాను ఖరీదులో సగం కూడా లేదు.

క్యూలో నిలబడ్డ మనుషులు

ఇంతవరకు రాసింది మెషీన్ల గురించి. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇంకొకటి. వేసవి పిడుగులు సాధారణంగా మధ్యాహ్నం దాటాక, సాయంత్రం పడతాయి. సాయంత్రం పాలు పోసే వేళ కూడా అదే. రోజూ అయిదు, ఏడు మధ్య ఇరవై ముప్పై మంది, ఎక్కువగా ఆడవాళ్లు, స్టీలు క్యాన్లతో గేటు పక్క వేపచెట్టు కింద వరస కడతారు. ఉరిమితే అర్జునా ఫల్గుణా అనుకుంటూ చెట్టుకు ఇంకాస్త దగ్గరికి జరుగుతారు. పిడుగు పడ్డ రోజు వాన మొదలై అందరూ షెడ్డులోకి వచ్చేశారు కాబట్టి సరిపోయింది.

చెట్టు మీద పిడుగు పడితే కాండం నుంచి మనిషికి దూకుతుంది. దూకకపోయినా వేళ్ల చుట్టూ నేల వోల్టేజ్ అడుగడుగుకూ మారుతుంది. రెండు పాదాల మధ్య తేడాకే మనుషులు పడిపోతారు, కాళ్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టి పశువులు ఇంకా త్వరగా చనిపోతాయి. చెట్టు కింద కట్టేసిన గొడ్లు ఒకేసారి పోవడం మన రైతులకు కొత్త కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. మన రాష్ట్రంలోనే 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి.

కాబట్టి యజమాని దగ్గర నేను పెట్టిన షరతుల్లో మొదటిది క్యూ మార్చడం. వరస ఇప్పుడు డాబా వరండాలో ఉంటుంది, డౌన్ కండక్టర్లకు మూడు మీటర్ల లోపు ఎవరూ నిలబడకుండా కట్ట కట్టించాం, అక్కడ 15 సెంటీమీటర్ల మందాన కంకర పోయించాం. పొడి కంకర పాదాలకూ నేలకూ మధ్య అడ్డంగా పనిచేస్తుంది. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టే లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడు తూకం ఆపి అందరినీ లోపలికి పిలవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి పంపకూడదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మేనేజర్ ఫోన్‌లో పెట్టించాను. అది ఇరవై, నలభై కిలోమీటర్ల పరిధిలో పిడుగులుంటే హెచ్చరిస్తుంది. "పాలు పోయకుండా అరగంట కూర్చోమంటే కూర్చుంటామా నాయనా, ఇంటికాడ గొడ్లు అరుస్తుంటాయి" అని ఒకామె అంది. ఆమె మాటకు జవాబుగా, వాన వచ్చేలా ఉంటే తూకం అరగంట ముందే మొదలుపెట్టడానికి యజమాని ఒప్పుకున్నారు.

సెప్టెంబర్‌లో కౌంటర్ రెండుకు మారింది. ఈసారి ఒక డేటా ఎస్‌పీడీ గడి ఎర్రగా మారింది, దాన్ని మార్చారు, దాని వెనక ఉన్న ఎనలైజర్ మర్నాడు పొద్దున పాలు టెస్ట్ చేసింది. ఆ పిడుగు మొదటి దానంత పెద్దదో కాదో కౌంటర్ చెప్పదు కాబట్టి దీన్ని రుజువుగా చూపించను. ట్రాన్స్‌ఫార్మర్ అరెస్టర్ ఎర్త్ తీగను మేనేజర్ కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, తర్వాత ఉత్తరం కూడా రాస్తే సరిచేశారు.

ఒక పని ఇంకా మిగిలి ఉంది. కుళాయి పైపును రింగుకు కలపడంతో భవనం దగ్గర మనిషికి భయం పోయింది, కానీ అదే పైపు ఇప్పుడు పిడుగు కరెంటులో కొంత బోరు దాకా మోసుకుపోతుంది. అక్కడ స్టార్టర్ డబ్బా ఇనుప స్తంభానికి ఉంది, సబ్‌మెర్సిబుల్ మోటారు కింద ఉంది. భూమిలోని ఆ 60 మీటర్ల జీఐ పైపు తీసి హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు వేయాలని, స్టార్టర్‌లో ఒక ఎస్‌పీడీ పెట్టాలని, ఆ డబ్బా బాడీని బోరు కేసింగ్‌కు కలపాలని రాసిచ్చాను. పైపు పని వేసవికి ముందే చేయిస్తామన్నారు. అప్పటిదాకా ఉరుములున్నప్పుడు స్టార్టర్ ముట్టుకోవద్దని డబ్బా తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాయించాం.